వెనక చెరువుకు లాగిన వైరు

“ఇక్కడ మూడొందల యాభై వోల్టులు రావాలండి, రాజుగారూ. రెండొందల ఎనభై దాటట్లేదు.”

మెకానిక్ వీరబ్రహ్మం మీటరు పక్కన పెట్టి చెమట తుడుచుకున్నాడు. రాజుగారి కూతురు నాగశ్రీ గదిలో, ఆమె మంచం పక్కన, వెనక పలక విప్పిన గిటారు ఆంప్లిఫయర్ ముందు కూర్చున్నాడతను. లోపల గాజుబుడ్ల లాంటి వాల్వులు నీరసంగా వెలుగుతున్నాయి.

వాల్వులు పోయాయేమో చూడమన్నాడు వెంకటరామరాజు, పోలేదని తెలిసి కూడా. వీరబ్రహ్మం కిందటిసారే కొత్తవి వేశాడు. ఆంప్‌ను భీమవరంలోని తన షాపుకు తీసుకెళ్ళి కూడా చూశాడు. అక్కడ పెడితే వీధి చివరిదాకా వినిపించేది. ఇంటికి తెచ్చి ప్లగ్గు పెడితే మళ్ళీ పిల్లికూన అయిపోయేది. అంటే జబ్బు పెట్టెది కాదు, ఇంటి కరెంటుది. ఆ సంగతి రాజుకు అందరికంటే ముందే తెలుసు.

కిందటి నెలలో వెనక చెరువులో గాలి చాలక రొయ్యలు పైకి తేలాయి. నీళ్ళు చిమ్మి గాలి కలిపే ఏరేటరు ఇంకొకటి చెరువు లైను మీద మోపే వీల్లేదు. కొత్త లైనుకు అర్జీ పెడితే అది వచ్చేలోపు రొయ్య మిగలదు. అందుకని ఎవరికీ చెప్పకుండా ఇంటి మీటరు నుంచి వైరు లాగి రెండు ఏరేటర్లు తిప్పేశాడు. అదే వారంలో, చెరువు మీంచి వస్తూ బండి మీదే కునుకు పట్టి కాలవగట్టున పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. కూతురి ఆంప్ గొంతు పడిపోయిందీ ఆ వారంలోనే. మోచెయ్యి మానింది గానీ ఆంప్ మానలేదు.

అది ఇంటికొచ్చిన కొత్తలో ఎంత హడావుడి చేసేదని! రాత్రంతా చెరువు కాసి, పొద్దున టిఫిను తిని పక్కగదిలో నడుం వాలిస్తే గోడ అదిరేది. ఇప్పుడు మధ్యాహ్నందాకా హాయిగా నిద్రపడుతోంది. లేచిన ప్రతిసారీ తన మీద తనకే అసహ్యం వేస్తోంది. పిల్ల సంగీతం పీక నొక్కేసి తాను గురక పెడుతున్నాడు.

పైగా ఇవాళ సాయంత్రంలోగా పిల్ల వాయించింది రికార్డు చేసి చెన్నైలో ఓ సంగీతం కాలేజీకి పంపాలి. సీటు ఇచ్చేదీ లేనిదీ అది విని చెబుతారట.

వీరబ్రహ్మం ఎప్పుడు గోడ ప్లగ్గులో మీటరు పెడతాడా, ఎప్పుడు తన బండారం బయటపడుతుందా అని రాజు బిక్కచచ్చి నిలబడ్డాడు. వీరబ్రహ్మం ఆ పని చెయ్యలేదు. మంచం కిందికి పోయిన తీగ వంక ఒకసారి, నాగశ్రీ వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. నాగశ్రీ కూడా చూపు తిప్పేసుకుంది. ఇద్దరికీ తెలిసిపోయింది, తన పెద్దరికం చూసి నోరు మెదపడం లేదు అనుకున్నాడు రాజు.

“పోనీండి నాన్నగారండీ. నాకు ఇలాగే బాగుంది,” అంది నాగశ్రీ.

తిట్టినా బాగుండేది. ఆయన ఇంక అక్కడ నిలవలేక చెరువు మీదికి వెళ్ళిపోయాడు.

పొద్దుటినుంచీ ముసురు. ఎండ లేని రోజున పగలైనా ఏరేటర్లు ఆపకూడదు. అయినా రాజు ఇంటి వైరు మీద తిరుగుతున్న రెండింటినీ ఆపేశాడు. వీరబ్రహ్మానికి ఫోన్ చేసి ఇప్పుడు చూడమన్నాడు. అంతే ఉందన్నాడతను. కాసేపు ఆగి మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే మాట.

ఈలోగా గట్టు వార రొయ్యలు తేలడం మొదలైంది. ముందు ఒకటీ అరా, తర్వాత గుంపులు గుంపులుగా. ఈ ఏటి పంటంతా ఆ నీళ్ళలోనే ఉంది. చెయ్యి స్విచ్ మీదికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. వైరు ఉంటేనే కరెంటు పోతోందేమోనని దాన్ని మొదలంటా ఊడదీసేశాడు.

“ఇప్పుడో?”

“అంతే ఉందండి,” అన్నాడు వీరబ్రహ్మం. అతని గొంతులో ఏదో తేడా.

“ఫోను మా అమ్మాయికివ్వండి.” నాగశ్రీ అందుకోగానే రాజు ఆగలేకపోయాడు. “నీ కరెంటు నేనే తినేశానమ్మా. ఇంటి వైరు చెరువుకు లాగాను. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడు పీకేసినా బాగవ్వట్లేదు, ఏం చెయ్యమంటావు?”

అవతల గిటారు పక్కన పెట్టిన చప్పుడైంది.

“ముందు ఆ వైరు పెట్టేయండి, నాన్నగారండీ. పెట్టేసి ఇంటికి రండి.”

ఏరేటర్లు మళ్ళీ నీళ్ళు చిమ్మాయి. రొయ్యలు ఒక్కొక్కటే అడుగుకు దిగేదాకా ఉండి, రాజు కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వచ్చాడు.

గదిలో మంచం కింద దాచిన బరువైన గుండ్రటి పెట్టె ఒకటి బయట ఉంది. దాని నెత్తిన తిప్పే పిడి. గోడ ప్లగ్గు నుంచి వచ్చిన తీగ అందులోకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఆంప్‌లోకి పోతోంది.

“దీన్ని డిమ్మర్‌స్టాట్ అంటారండి,” అన్నాడు వీరబ్రహ్మం, తప్పు చేసినవాడిలా. “కరెంటును తగ్గించి ఇస్తుంది. అమ్మాయిగారు అడిగితే నేనే ఇచ్చానండి. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. వాల్యూమ్ తగ్గిస్తే ఈ ఆంప్‌లో అమ్మాయిగారికి కావలసిన గరుకు గొంతు పోతుందండి. కరెంటు తగ్గిస్తే గరుకు అలాగే ఉంటుంది, రికార్డుకూ తేడా రాదు, చప్పుడు మాత్రం గది దాటదు.”

రాజు పెట్టె వంకా కూతురి వంకా మార్చి మార్చి చూశాడు.

“తగ్గించుకోవడమెందుకమ్మా? ఈ ఇంట్లో నిన్ను ఎవరొద్దన్నారు?”

నాగశ్రీ ఆయన మోచేతి మీద మానిన మచ్చను చూస్తోంది.

“గోడ అవతల మీరు నిద్రపోవాలి కదండీ.”