గమ్యం దగ్గర అడిగే ప్రశ్న

ఎర్రమల కొండల్లో జరిగే ఎండాకాలపు పరుగుకు ఇప్పుడు అందరూ కాళ్లకు మోటారు నడక తొడుగులు కట్టుకునే వస్తున్నారు. మనిషి అలసినా తొడుగు ఆగదు, గమ్యం దాకా నడిపించుకొస్తుంది. వడదెబ్బకు ఊపిరి పోయినా అంతే. అందుకే గమ్యం దగ్గర నాకు ఉద్యోగం దొరికింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే. వచ్చిన ప్రతివారినీ, "ఎవురింటోళ్లప్పా?" అని అడగాలి. జవాబిస్తే మజ్జిగ పోసి, తొడుగు విప్పుతాను. ఇవ్వకపోతే డేరా వెనక్కి తీసుకెళ్తాను.

మా అన్న ఓబులేసు మలుపులో కనిపించగానే జనం చప్పట్లు కొట్టారు.

"మీ అన్నను ముసిలోడంటివే! ఇంగ నిన్ను ఏడాదంతా ఎగతాళి చేస్తాడు సూడు," అని లింగమ్మ వదిన నవ్వింది.

అన్న వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. తెరిచిన కంటి మీద ఈగ వాలింది. రెప్ప కదల్లేదు.

నేను నోరు తెరవబోయాను. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అడగొద్దబ్బీ. ఇంటిదాకా నడవనీ. పిల్లోళ్లు ఎదురు సూస్తాండారు."

నేను అడగలేదు. తొడుగులో గమ్యాన్ని మా ఇంటికి మార్చాను.

అన్న వెంటనే వెనుదిరిగాడు. అతని వేగాన్ని అందుకోవడానికి మేమిద్దరం పరుగెత్తాల్సి వచ్చింది.