కడుపునొప్పాయన

ఏరు పొంగి పాత వంతెన కొట్టుకుపోయిన ఏడాది. ఫిజీషియన్ అసిస్టెంటు కాలేజీ ప్రవేశపరీక్షలో ఒక అమ్మాయి, బల్ల మీద పడుకున్న ముసలాయన కడుపు మీద చెయ్యి వేసి, తియ్యకుండా అలాగే ఉండిపోయింది.

"తాతగారూ, ఇక్కడేదో గడ్డ తగులుతోంది."

ముసలాయన గతుక్కుమన్నాడు. ఆయన రోగి కాడు. డాక్టరు పక్కనుండి రోగుల్ని చూసే పని నేర్పుతారు ఆ కాలేజీలో. సీటు కోసం వచ్చిన పిల్లల ముందు పడుకుని కడుపునొప్పి నటించడం ఆయన ఉద్యోగం. అక్కడ అందరికీ ఆయన కడుపునొప్పాయన. ఎక్కడ నొక్కితే మూలగాలో ముందే నేర్పి పెట్టారు. పిల్లలు చూసి, ఇది అజీర్తి, భయం లేదు అనాలి. అదే సరైన జవాబు.

గోడవారగా కూర్చున్న పెద్ద డాక్టరు, లేని గడ్డ ఉందనేవాళ్ళ చేతిలో రోగుల్నెలా పెడతామమ్మా అన్నాడు. అజీర్తి అని చెప్పి వెళ్ళమని ఒక అవకాశం కూడా ఇచ్చాడు. ఆ అమ్మాయి ఇంతకుముందు రెండుసార్లు రాసి తప్పింది. మూడోసారి తప్పితే ఇక రానివ్వరు. అయినా మాట మార్చలేదు.

"ఉంది సార్. మీరే ఒకసారి చూడండి."

డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. "ఏమయ్యా, నీకేమన్నా గడ్డ ఉందా?"

ఒంట్లో బాగున్నవాళ్ళనే ఆ పనికి పెట్టుకుంటారు. ఉందంటే రేపట్నుంచి రావద్దంటారు. ముసలాయన పైకప్పు కేసి చూస్తూ, లేదండి అన్నాడు.

అమ్మాయి తలవంచుకుని వెళ్ళిపోయింది. మరిచిపోయిన గొడుగు కోసం మళ్ళీ వచ్చింది. గొడుగు తీసుకుని ఆయన పక్కన ఆగింది.

"నా సీటు పోతే పోయింది తాతగారూ. మీరు మాత్రం ఎవరికైనా చూపించుకోండి."

సాయంత్రం ఇంట్లో ఆయనకి ముద్ద దిగలేదు. అప్పుడప్పుడూ నిజంగానే వచ్చే నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళమని భార్య ఎన్నాళ్ళుగానో పోరుతోంది. రోజూ ఇంతమంది పట్టి పట్టి చూసి భయం లేదంటుంటే ఇంకెవరికి చూపించుకోను అని ఆయన ఎప్పుడూ అనే మాటే మళ్ళీ అనబోయాడు. ఈలోపే భార్య కంచం తీసేస్తూ అంది:

"వాళ్ళు భయం లేదన్నది మీ నటనకి. మీ కడుపుక్కాదు."

మర్నాడు పొద్దున్నే ఆయన కాలేజీకి వెళ్ళాడు. పిల్లల్ని ఇంకా లోపలికి పిలవలేదు. బల్లెక్కి పడుకుని, చొక్కా పైకి లాగి, డాక్టరు చెయ్యి పట్టుకుని తన కడుపు మీద పెట్టుకున్నాడు.

"నిన్న అబద్ధమాడానండి. నా పని పోతే పోనీండి. ఆ పిల్ల నోట్లో మాత్రం మట్టి కొట్టకండి."

డాక్టరు నొక్కి చూశాడు. ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా నొక్కాడు. ముఖంలో రంగు మారింది. ఎప్పట్నుంచి అని అడిగాడు. ముసలాయన చెప్పాడు. ఇన్నాళ్ళు ఊరుకున్నావా, ఇప్పుడు చెయ్యడానికి ఏం మిగల్లేదయ్యా అన్నాడు డాక్టరు, నేల చూపులు చూస్తూ. తర్వాత ఆ అమ్మాయికి ఫోన్ చేసి సీటిచ్చామని చెప్పాడు. ఫోన్‌లో ఏడుపు ముసలాయనకీ వినిపించింది.

ఇక ఇక్కడ తన పని అయిపోయిందనుకున్నాడు. చొక్కా సర్దుకుని బల్ల దిగబోయాడు. డాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"అప్పుడే దిగకు. బయట పిల్లలు కూర్చునున్నారు. ఇవాళ్టి నుంచి సరైన జవాబు మారుద్దాం."

ముసలాయన మళ్ళీ చొక్కా పైకి లాక్కుని పడుకున్నాడు.