మేకత్త తుమ్ము

ఆ పెరటి గోడ పగులులో ఒక పిచ్చిమొక్క ఉండేది. అందానికీ పనికిరాదు, తిండికీ పనికిరాదు. గాలి వీస్తే చాలు, దాని పుప్పొడి కింద కట్టేసి ఉన్న ముసలి మేకత్త ముక్కులోకి పోయేది. మేకత్త తుమ్మేది.

తుమ్ము వినపడ్డాక కాలు బయట పెట్టకూడదు కదా. మేతకు బయల్దేరిన కోడి వెనక్కి వచ్చేది. గింజలకు పోతున్న ఉడత గోడ దిగేది. తొట్టిలో నీళ్లు తాగి, కాసేపు కూర్చుని, నిన్నటి వాన సంగతీ, పక్కింటి పిల్లి సంగతీ మాట్లాడుకునేవి. అందులో పనికొచ్చే మాట ఒక్కటీ ఉండేది కాదు.

"దీనివల్ల రోజూ ఆలస్యమే అత్తా," అని విసుక్కుని, ఒకనాడు ఉడత ఆ మొక్కను వేళ్లతో సహా పీకి పారేసింది.

మేకత్త ముక్కు హాయిగా ఉంది. కోడి తెల్లారగానే వెళ్లిపోయేది. ఉడత ఆగకుండా గోడ దాటేది. తొట్టిలో నీళ్లకు పాచి పట్టింది. కోడిపిల్లలకు రెక్కలు ఎప్పుడొచ్చాయో మేకత్తకు తెలియనే లేదు.

ఒక పొద్దున ఉడత గోడ ఎక్కుతుంటే వెనక తుమ్ము వినిపించింది. తిరిగి చూసింది. గోడ పగులు ఖాళీగానే ఉంది. గాలి కూడా లేదు. మేకత్త ఎటో చూస్తోంది.

అది దొంగ తుమ్మని ఉడతకు తెలిసిపోయింది. మెల్లగా గోడ దిగి తొట్టి పక్కన కూర్చుంది.

"శకునం బాగా లేదత్తా," అంది. "కాసేపు ఆగి పోతాను."