వెనక చక్రం

బిడ్డ తన చేతుల్లోంచి పోతుందన్నదే తేజస్వి భయం. అంతకు మించిన భయం ఆమెకు లేదు.

“అందరు దిగుండ్రి. జాకీ మీద బండి ఉండంగ లోపల మనిషి ఉండద్దు,” అన్నాడు పంక్చర్ షాపు ఇస్తారి. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. హ్యాండ్‌బ్రేకు వేసిందీ లేనిదీ తనే తొంగి చూసుకున్నాడు. తేజస్వి రెండేళ్ల అంకితను చంకనెత్తుకుని నిదానంగా దిగింది. ముందు సీట్లోంచి దిగిన అత్త సుక్కమ్మ పడమటి దిక్కు చూసి గొణుక్కుంది.

శామీర్‌పేట అవతలి నుంచి గాజులరామారంలో ఆడబిడ్డ పద్మలత ఇంటికి బయలుదేరారు. పొద్దుగూకేలోపు చేరాలని సుక్కమ్మ పట్టు. రేపటి నుంచి మూఢం, మళ్లీ మంచిరోజు రావాలంటే నెలలు పడుతుందట. దారిలో చెరువుకట్ట దగ్గర అంకిత పాసుకు పోతానంటే తేజస్వి దించింది. వచ్చేపోయేవాళ్లకు కనబడకుండా వెనక చక్రం చాటున కూర్చోబెట్టి, అయ్యాక కాలితో మట్టి కప్పి ఎక్కింది. మేడ్చల్ రాకముందే బండి ఒక పక్కకు ఒరిగింది. డిక్కీలోంచి అంకిత గౌన్లు, బొంత, పాలసీసా కుక్కి తేజస్వి పొద్దున పెట్టిన సంచి దించి స్టెప్నీ తీస్తే, అందులోనూ గాలి లేదు. బండి నడుపుతున్న ఆమె భర్త రవీందర్ తల పట్టుకున్నాడు. నిన్ననే దానికి గాలి కొట్టించాడు. బండిని మెల్లగా దగ్గర్లోని ఇస్తారి షాపు దాకా లాక్కొచ్చాడు.

ఇస్తారి టైరు తిప్పుతూ ఒకచోట ఆగాడు. పట్కారుతో పట్టి లాగాడు. వేలెడు మేకు.

“కొత్తదన్నా. రోడ్డు మీద పడున్నదైతే తుప్పు పడ్తది. ఇది ఎవలో కావాలనే పెట్టిన్రు.”

రవీందర్ ముఖం మారింది. ఎవరు పెడతారని అడిగితే, బండ్లు ఆపి దోచుకునేవాళ్లకు కొదవా అన్నాడు ఇస్తారి. సుక్కమ్మకు ఫోన్లో ఎవరో పంపిన వీడియో గుర్తొచ్చింది.

“పిల్లను గట్టిగ పట్టుకో తేజా. కండ్లు మూసి తెరిచేలోపల ఎత్కపోతరంట.”

తేజస్వి అంకిత ముఖాన్ని భుజానికి అదుముకుంది. రోడ్డవతల ఒక బైకు ఆగింది. హెల్మెట్ తీయకుండానే ఆ మనిషి కాసేపు ఇటు చూసి వెళ్లిపోయాడు.

“సూసినవా?” అంది సుక్కమ్మ, గొంతు తగ్గించి.

ఇస్తారి రంధ్రంలోకి రబ్బరు ముక్క గుచ్చి, గాలి కొట్టి, పైన సబ్బునీళ్లు పోసి చూశాడు. బుడగ రాలేదు. మేకును విసిరేయబోయి, ఇంకొకరి చక్రంలో దిగుతుందని ఆగాడు.

“ఇటియ్యన్నా, దూరంగ పారేస్త,” అంది తేజస్వి.

ఇస్తారి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆ చెయ్యి మంచులా తగిలిందేమో, జాకీ దించుతూ రవీందర్‌తో అన్నాడు: “అన్నా, ఆ చెల్లె మస్తు భయపడ్డది. జర అర్సుకో.”

రవీందర్ తల ఊపాడు. భార్య వైపు మాత్రం చూడలేదు.

బండి కదిలింది. గండిమైసమ్మ చౌరస్తా ఇంకా దూరముండగానే సుక్కమ్మ కూతురికి ఫోన్ కలిపింది.

“వస్తున్నం పద్మా. దత్తతకు పీటలేసి ఉంచు. పొద్దుండంగనే నీ బిడ్డను నీ ఒళ్లె ఏస్త.” అవతల ఏదో అడిగినట్టుంది. “తేజకేంది, వయసున్నది. మళ్ల కంటది.”

రవీందర్ అద్దంలో వెనక్కి చూడకుండా నడుపుతున్నాడు. ఎండ ఎర్రబడింది. ఇంకాసేపు, ఇంకొక్క కాసేపు గడిస్తే పొద్దు గూకుతుంది.

“జర ఆపుండ్రి,” అంది తేజస్వి. “అంకితకు పాసొస్తాందట.”

అంకిత ఆమె ఒడిలో ఆదమరిచి నిద్రపోతోంది.

పారేస్తానన్న మేకు ఆమె పిడికిట్లోనే ఉంది.