బాదంగింజంత క్రీము

“బ్రష్షుకి నీళ్లు పట్టించమన్నాను, అల్లుడుగారూ. ముంచి చంపమనలేదు.”

అల్లుడు మగ్గులోంచి బ్రష్షు పైకి తీశాడు. నీళ్లు మోచేతి దాకా కారి, అక్కణ్ణుంచి బనీను మీద పడ్డాయి. కిటికీ పక్కన కుర్చీలో ఉన్న పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. నలభై ఏళ్లు సెలూన్ నడిపిన మనిషి. ఆయన చేతి కింద నునుపెక్కిన గడ్డాలకి లెక్కే లేదు. అలాంటి మనిషి కళ్లెదుట ఈ తంతు జరగడం వరసగా ఇది మూడో రోజు.

“విదిలించండి. ఇప్పుడు క్రీము. ఎంత వెయ్యాలన్నాను?”

“బాదంగింజంత, మామయ్యా.”

“వెయ్యండి మరి.”

అల్లుడు ట్యూబు నొక్కాడు. వేలెడు క్రీము గిన్నెలో చుట్ట చుట్టుకుని పడుకుంది.

“ఏ చెట్టు బాదం అది?”

“చెయ్యి జారింది.”

“మీ గడ్డం మెషిను ఇంకా బాగుపడలేదా?”

“కొట్టువాడు రేపు రమ్మన్నాడు, మామయ్యా.”

“వాడు రోజూ రేపే అంటాడు. నేను రోజూ ఈ గోల చూడాలి.”

గుమ్మంలోకి కూతురు వచ్చింది. ఆఫీసుకి తయారై ఉంది. చేతిలో ఎర్ర రబ్బరు బంతి.

“నాన్నా, ఇది మళ్లీ మంచం కింద ఎందుకుంది?”

“దొర్లింది.”

“వారం నుంచీ రోజూ అక్కడికే దొర్లుతోందే. దానికి ఇల్లు అక్కడేనా?”

పెద్దాయనకి పక్షవాతం వచ్చి మూడు నెలలయింది. మాట తిరిగొచ్చింది. నడక తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఒళ్లో తువ్వాలు మీద, ఎవరో మరచిపోయి వదిలేసిన వస్తువులా పడి ఉంటోంది. అందులో సత్తువ పూర్తిగా పోలేదని, పని చెప్పకపోతే మాత్రం వేళ్లు అలాగే బిగుసుకుపోతాయని డాక్టరు చెప్పి వారమైంది. ఆ రోజు నుంచి కూతురికి కంటి మీద కునుకు లేదు. ఆయనకి కోపం తగ్గలేదు.

“కత్తి పట్టిన చెయ్యమ్మా ఇది. చంటిపిల్లల బంతి పిసకమంటే పిసకదు.”

“మరేం పడుతుంది నాన్నా?”

“ఏదీ పట్టదు. పోయింది. వదిలెయ్యి.”

ఆమె బంతిని కిటికీ గట్టు మీద ఠక్కున పెట్టింది కానీ, అక్కణ్ణుంచి కదల్లేదు. ఈలోగా అల్లుడు గిన్నెలో బ్రష్షు తిప్పుతున్నాడు. గిన్నె టకటకలాడుతోంది.

“అదేం తిప్పుడండీ, గ్లాసులో పంచదార కలిపినట్టు? మోచెయ్యి కాదు. మణికట్టు.”

అల్లుడు మోచేతిని డొక్కకి అదిమి పెట్టి, భుజంతో సహా మనిషంతా ఊగాడు. గోలీకాయలంత బుడగలు లేచాయి.

“నురగ వచ్చింది, మామయ్యా.”

“అది నురగ కాదు, బట్టలుతికిన నీళ్లు. గిన్నె బోర్లిస్తే ఒక్క చుక్క రాలకూడదు. అదీ నురగంటే. ఏదీ, మీది బోర్లించండి చూద్దాం.”

అల్లుడు బోర్లించాడు. ఉన్నదంతా నేల మీద పడి, సగం కూతురి చెప్పుల మీదికి చిందింది.

“ఇంక నేను ఆఫీసుకి వెళ్లినట్టే,” అంది ఆమె.

“కడిగి మళ్లీ మొదలుపెట్టు,” అన్నాడు పెద్దాయన. ఏడేళ్లుగా అల్లుడికి ఇస్తూ వచ్చిన ‘మీరు’ అక్కడ జారిపోయింది. జారిన సంగతి ఆయనకే తెలియలేదు.

ఈసారి క్రీము సున్నంముద్దలా గిన్నె అడుగున అతుక్కుపోయింది.

“నీళ్లు చాలలేదు. ఒక్క చుక్క వెయ్యి. చుక్కన్నానయ్యా, చెంబు కాదు. నా కొట్లో చేరి ఉంటే నీకు మొదటి రోజే చీపురిచ్చి పక్కన నిలబెట్టేవాణ్ణి.”

“చూపిస్తే నేర్చుకుంటాను కదా, మామయ్యా.”

“చూపించడానికి నాకు చెయ్యేదీ?”

అల్లుడు బ్రష్షుని నిలువునా పట్టుకుని, రోట్లో దంచినట్టు గిన్నెలో కుక్కడం మొదలుపెట్టాడు. కుచ్చు వెంట్రుకలు నాలుగు వైపులా విరుచుకుపడ్డాయి.

“ఒరేయ్, కుచ్చు ఊడుతుందిరా. ఇలా తే.”

మరుక్షణం గిన్నె పెద్దాయన ఒళ్లో ఉంది. ఎడంచెయ్యి దాన్ని అదిమి పట్టింది. బ్రష్షు కుడిచేతిలో ఉంది. వేళ్లు వణికాయి. పిడి గిన్నె అంచుకి రెండుసార్లు కొట్టుకుంది. తర్వాత మణికట్టు కొంచెంగా తిరిగింది.

“ఇలా, అంచు వెంట. చుక్క నీళ్లు వెయ్యి. ఆఁ, మళ్లీ అంచు వెంట. నురగని తరమకూడదు, దాని దారిన రానివ్వాలి.”

గుమ్మంలో కూతురి పెదవులు కదులుతున్నాయి. గిన్నెలో తెల్లగా, మెత్తగా ఏదో లేస్తుండగా బ్రష్షు జారి నేల మీద పడింది.

పెద్దాయన తన చేతిని కాసేపు అటూ ఇటూ చూసుకున్నాడు.

“పిడి నున్నగా ఉంది. దిక్కుమాలిన బ్రష్షు,” అన్నాడు చివరికి. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. “రేపు కాస్త పెందలాడే రా. నీ మొహానికి ఒకటి రెండు రోజుల్లో అబ్బే విద్య కాదిది.”

“అలాగే, మామయ్యా.”

అల్లుడు బ్రష్షూ గిన్నే తీసుకుని పెరటి గదిలో బేసిను దగ్గరికి వెళ్లాడు. వెనకే ఆమె వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“ఏడు చుట్లు,” అంది గొంతు తగ్గించి. “నిన్న బ్రష్షు వైపు చెయ్యి కూడా చాపలేదు.” కళ్లు తుడుచుకుని, అంతలోనే చెప్పుల వైపు చూసి విసుక్కుంది. “రేపూ ఇదే గోలా?”

“రేపూ ఇదే.”

“సరే, తొందరగా కానివ్వు. ఇద్దరికీ ఆలస్యమైంది.”

అతను గిన్నె కడిగాడు. కొంచెం క్రీము వేసి, ఆమె వైపే చూస్తూ బ్రష్షు తిప్పాడు. నిమిషం తర్వాత గిన్నెని బేసిను మీద బోర్లించాడు.

ఒక్క చుక్క రాలలేదు.