చెడిన భాగం

“వజీరు భాయ్! మోటారు మళ్లీ ఆగిపోతంది!”

రావికమతం దాసు ఆటో దిగకుండానే పెట్టిన కేకకి బజారంతా తిరిగి చూసింది. వజీర్‌కి ఒళ్లు మండిపోయింది. పాతికేళ్లుగా చోడవరం బస్టాండు వెనక మోటార్లు బాగుచేస్తున్న మనిషి. పని చెడితే చెడింది, నలుగురిలో అలా అరవాలా?

“ఎందుకురా ఆ అరుపులు? దింపు ముందు!”

“అరగంట తిరిగి ఆగిపోతంది భాయ్! సెరుకు ఎండిపోతంది!”

నెలలో ఇది మూడోసారి. ఒకసారి వైండింగ్ మార్చాడు, ఇంకోసారి స్టార్టర్ మార్చాడు. ఈసారీ తిరిగొస్తే దాసు అనకాపల్లి పోతాడు, అతని వెనకే చుట్టుపక్కల రైతులందరూ పోతారు. అప్పుడిక షాపు తెరిచి ఈగలు తోలుకోవడమే.

“టీ పెట్టనా?” లోపలి నుంచి పెళ్లాం సాలెహా గావుకేక.

“టీకి కూడా గొంతు సించుకోవాలేటే?”

ఏడాదిగా ఇంట్లో అందరికీ గొంతులు లేచాయి. పని తగ్గిన మొగుడంటే పెళ్లానికీ లోకువే, కూతురికీ లోకువే అని పళ్లు నూరుకున్నాడు.

ఆ కూతురు ఆర్జూ టాబ్ పట్టుకుని వచ్చింది. కాలేజీ ప్రాజెక్టుకని ఒక ప్రోగ్రాం రాసింది. మంచి మోటారు ఎలా నడవాలో అందులో ముందే ఉంటుంది. ఎదురుగా ఉన్నది ఎలా నడుస్తోందో చెబితే, ఏ భాగం చెడితే ఆ తేడాలన్నీ వస్తాయో అది వెతికి చెబుతుంది. వజీర్‌కి దాన్ని చూస్తేనే మంట.

మోటారు ఆన్ చేశారు.

“కరెంటు ఎక్కువ లాగతంది! వేడెక్కతంది! వణకతంది!” ఆర్జూ నొక్కి నొక్కి చెప్పింది. “బేరింగ్ సౌండ్ ఉందా?”

వజీర్ స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ దగ్గర పెట్టి, పిడి చెవికి ఆనించుకున్నాడు. లోపల బేరింగ్ అరిగితే ఆ పిడిలోంచి గరగర తెలుస్తుంది. గురువు నేర్పిన పద్ధతి, ఏనాడూ తప్పింది లేదు.

“నేదు. శుభ్రంగా తిరగతంది. టాబ్‌లో కొట్టుకో.”

ఆర్జూ కొట్టింది. టాబ్ మీద ఎర్రక్షరాలు వచ్చాయి.

“ఏ పార్టు సెడినా ఈ నాలుగూ కలవవంట అబ్బాజీ! బేరింగ్ పోతే మూడు కలుస్తన్నాయి! నాలుగో జవాబు మళ్లీ సూడమంటంది!”

“అంటే నేను అబద్ధమాడేనా? నిన్నగాక మొన్న పుట్టిన గుంటవి, నాకు మోటారు నేర్పుతావా?”

“నిన్నేటన్నాను? లెక్క అలాగొచ్చింది!”

“మళ్లీ అరుస్తన్నావు! ఒరే దాసూ, నువ్వే సాక్షి. ఇదిగో, విను!”

దాసు పిడి చెవికి ఆనించాడు. మరుక్షణం తల వెనక్కి లాక్కున్నాడు.

“ఓర్నాయనో! రాళ్లు నూరతన్నట్టుంది భాయ్!”

వజీర్ స్క్రూడ్రైవర్ లాక్కున్నాడు. కుడిచెవికి పెట్టుకున్నాడు. ఎడమచెవికి పెట్టుకున్నాడు. మళ్లీ కుడిచెవికి పెట్టుకున్నాడు. ఏ చెవిలోనూ గరగర లేదు.

ఆర్జూ మెడనరాలు ఉబ్బేలా ఏదో చెబుతోంది. కళ్లనిండా నీళ్లు.

ఇన్నాళ్లూ అతని మీద ఎవరూ కోపంతో అరవలేదు.