సరే అన్నా

సుమంత్ కంప్యూటర్ మళ్లీ బిగుసుకుపోయింది. ఆటలో సరిగ్గా గురిపెట్టిన క్షణంలో.

"మీ నాన్ననడగరాదా? నరసరావుపేటలో అన్నేళ్లు నెట్ సెంటర్ నడిపిన మనిషి," అంది తల్లి లక్ష్మి.

"ఎవరూ, వైరు పీకిన మనిషినా?"



కొడుకు డిగ్రీ తప్పిన రోజు గోపాలరావు ఆట మధ్యలో వైరు పీకేశాడు. అప్పట్నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఆ కంప్యూటర్ కూడా మూతపడిన నెట్ సెంటర్‌లో మిగిలిందే. కొత్త విండోస్ దానికి ఎక్కదు.

సుమంత్ ఫోన్లో తెలుగు గేమర్ల గ్రూపులో తన గోడు వెళ్లబోసుకున్నాడు. 'పాతమిషను' అనే పేరుతో ఎవరో జవాబిచ్చారు.

"లినక్స్ వేసుకో. విండోస్ లాంటిదే, ఉచితం. పాత కంప్యూటర్ కూడా లేచి కూర్చుంటుంది. నేను చెబుతా."

"థ్యాంక్సన్నా."

ఊరు తెలియదు, మొహం తెలియదు. ఓపిక మాత్రం చెప్పలేనంత. పెన్‌డ్రైవ్‌లోకి ఎలా ఎక్కించాలో, గ్రాఫిక్స్ కార్డుకి ఏం వేయాలో అన్నీ విడమరిచి రాసేవాడు. చివర్లో "తిన్నావా?" అని అడిగేవాడు.

సుమంత్ అన్నిటికీ ఒకటే కొట్టేవాడు. "సరే అన్నా."

అంతంత పొడుగు మెసేజులు ఎవరు చదువుతారు చెప్పండి?

శనివారం రాత్రికి లినక్స్ ఎక్కింది. ఆటలు పరిగెత్తాయి.

"బతికించావన్నా," అని రాశాడు సుమంత్.

ఆదివారం మధ్యాహ్నం జిల్లా కుర్రాళ్ల టోర్నమెంటు. నెలల తరబడి ఎదురుచూసిన రోజు. తీరా చూస్తే టోర్నమెంటు గేమ్ తెరుచుకోలేదు. దొంగాట పట్టుకునే ప్రోగ్రాం ఒకటి దాన్లో ఉంది. లినక్స్ కనబడితే అది లోపలికే రానివ్వదట.

టీం కెప్టెన్ చంటి ఫోన్ చేశాడు.

"ఏందిరా, వస్తన్నావా లేదా?"

"ఓపెన్ కావట్లేదురా. గ్రూపులో ఒకన్న చెబితే లినక్స్ వేసి, విండోస్ చెరిపేశా."

"ఎవడో చెప్పాడని ఉన్నది చెరుపుకుంటావా? వాడు అవతలి టీమోడై ఉంటాడ్రా, పిచ్చోడా."

చంటి ఇంకొకణ్ణి తీసుకున్నాడు.

రోజూ తిన్నావా అని అడిగింది ఇందుకా?

"నమ్మించి గొంతు కోశావు. జన్మలో నాతో మాట్లాడకు," అని పాతమిషనుకి కొట్టాడు.

జవాబు రాలేదు.

వాడి బండారం చంటికి చూపిద్దామని పాత మెసేజులు పైకి జరిపాడు. ఒకచోట వేలు ఆగింది.

"విండోస్ చెరపొద్దు. దాని పక్కనే లినక్స్ వేసుకో. మీ టోర్నమెంటు గేమ్ లినక్స్‌లో రాదు. నత్తనడక నడిచినా దానికి విండోసే కావాలి."

కింద తన జవాబు. "సరే అన్నా."

సుమంత్‌కి సిగ్గేసింది. సారీ చెబుదామని గ్రూపంతా వెతికాడు. పాతమిషను అనే పేరే లేదు. వెళ్లిపోయాడు.

ఆ రాత్రి గోపాలరావు మిర్చి కోల్డ్ స్టోరేజీలో డ్యూటీ దిగి వచ్చాక లక్ష్మి ఇద్దరికీ అన్నం పెట్టింది. గోపాలరావు రెండు ముద్దలు తిని లేచాడు.

"పిల్లోడు పొద్దుగూకేదాకా మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఏందో మాట్లాడి కనుక్కోండి. ఎన్నాళ్లీ పంతం?"

గోపాలరావు చెయ్యి కడుక్కుంటూ, కొడుకు వైపు తిరక్కుండానే అన్నాడు.

"జన్మలో మాట్లాడొద్దన్నాడుగా."

"అట్టా ఎప్పుడన్నాడండీ?"

"ఇవాళ మధ్యాహ్నమే."